సున్నా తేడా

1997 జూన్ 9, సోమవారం

ఈ బుక్కు సర్వే ఆఫీసుది. రిటైరైన నాడు నా సంచిల పడ్డది. పడ్డదంటే నేనే వేసుకున్న. నా ఒక్కనికోసం రాసుకునే దాంట్ల అబద్ధమెందుకు? ఎనిమిదేండ్ల సంది ఖాళీగ ఉన్నది, ఇయ్యాల మొదలువెట్టిన.

కారణం కాలు. ఎడమకాలి బొటనవేలు కింద చెప్పు కరిచి పుండైంది. మా వీధి డాక్టరు అద్దాలు పైకెత్తి చూసి, "గాలయ్యా, ఇది షుగరు కాలు. మడిమె పైన టేపు చుట్టి రోజూ కొలిచి రాయి. ఒక్క అంగుళం పెరిగినా నల్లగొండ దవాఖానకు పో, నా దగ్గరకు రాకు" అన్నడు. ముప్పై నాలుగేండ్లు సర్వే గొలుసు పట్టే చైన్‌మన్ కొలువు చేసి ఊర్లకు ఊర్లే కొలిచినోనికి ఒక్క కాలు కొలుసుడు పెద్ద పనా?

కొలిచిన. తొమ్మిదిన్నర అంగుళాలు.

కాలు లెక్క వేరే గ్రాఫు కాగితాల పుస్తకంల రాస్తున్న, డాక్టరుకు చూపియ్యాలె గద. ఈ బుక్కు మాత్రం ఎవ్వలకు చూపియ్య. నర్సింగమ్మకు చెప్పు కరిచిందని చెప్పిన, అంతే. నా పెండ్లాంకు చదువు రాదు గని నా మొఖం చదువుతది. అందుకే అటు తిరిగి చెప్పిన.

జూన్ 12

నర్సింగమ్మ మామిడికాయ తొక్కు సీసాల వెట్టి, నా కొలువు జోడి ఖాసిం బిడ్డకు ఇచ్చి రమ్మన్నది. ఆ పిల్ల పేరు మెహరాజ్. నార్కట్‌పల్లి బస్టాండు ఎదురుంగ టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతది. ఖాసిం పోయి మూడేండ్లాయె.

మా గొలుసు ముప్పై మూడడుగులు. రెండు కొసలు, ఇద్దరు మనుషులు. ముందు కొస నాది, వెనక కొస ఖాసింది. వెనకోడు తన కొసను భూమిల గుచ్చిన ఇనుప సూది కాడ ఆనించి "సహీ" అనాలె, సరిగ్గ ఉన్నదని. ఆ మాట ఇనవడేదాంక ముందటోడు అడుగు కదలొద్దు. అదే కాయిదా. ఇరవై ఎనిమిదేండ్లు ఖాసిం సహీ అన్నడు, నేను కదిలిన. పెండ్లినాడు నర్సింగమ్మ మెడల పుస్తె కట్టంగ గూడ ఎనుక నుంచి వాడు "సహీ" అని ఒర్లిండు. పంతులు మంత్రం మర్చిపోయిండు.

ఎక్కడికో పోయిన. తొక్కు సీసా తీసుకపోయిన. టైపు మిషన్ల నడుమ కొత్తగ కంప్యూటరున్నది. హైదరాబాదు నుంచి పాతది తెచ్చిందట. తెర మీద పచ్చ గడ్డి, తొవ్వ, ఎడమదిక్కు విరిగిన బురుజు, దూరంగ ఒక నీలం గుట్ట.

"ఏం సినిమా బిడ్డా?"

"సినిమా కాదు కాకా, ఆట. పాత యజమాని దాంట్లనే ఇడిచిపెట్టిండు. రాజులు, రాక్షసులు, మంత్రగాండ్లు. ఈ మీట నొక్కితె నువ్వే నడుస్తవు."

"ఎక్కడిదాంక?"

"నీ ఇష్టమున్న కాడిదాంక."

"ఆ గుట్టెనుక ఏముంది?"

"నన్నడుగుతవేంది? పోయి చూడు."

తొక్కు సీసా చేతులనే ఉన్నది. కూసున్న. లేచేవరకు మూడు బస్సులు వోయినయి.

జూన్ 13

తొమ్మిదిన్నర.

జూన్ 17

పగలు పన్నెండు నుంచి మూడు దాంక ఇన్‌స్టిట్యూట్‌ల పోరగాండ్లుండరు. ఆ మూడు గంటలు నావి.

ఆటల మనిషికి పేరు వెట్టాలన్నది. ఖాసిం అని వెట్టుమన్న. ఆ పిల్ల ఒక గడియ నా దిక్కు చూసి టక్కటక్క కొట్టింది.

ఆట మొదట్లనే ఒక రాజు పిలిపిస్తడు. ఆయన బిడ్డను ఎవ్వడో మంత్రగాడు ఎత్తుకపోయిండట, ఖాసిం పోయి ఇడిపియ్యాలెనట. ఇంగిలీషుల ఉంటది, మెహరాజ్ చదివి చెప్పింది. నేను రాజుకు దండం వెట్టి బయటికి వచ్చిన. ఏ ఊరికి పోయినా లోపలి పని మొదలుపెట్టే ముందు పొలిమేర చుట్టు తిరిగి రావాలె. హద్దు తెల్వనిది లోపల ఏం కొలుస్తవు? ముందుగాల ఈ రాజ్యం ఎంతున్నదో చూస్త. బిడ్డ సంగతి తర్వాత.

"పాపం ఆ రాజు ఎదురుచూస్తుండు కాకా."

"చూడనీ. ఏ ఊరి దొర మా కోసం ఎదురుచూసిండు, ఈయన చూస్తె తప్పేంది?"

జూన్ 24

తెర మూలకు దిక్సూచి ఉన్నది. గోడకు గడియారమున్నది. మీట నొక్కి పట్టి ఐదు నిమిషాలు నడిస్తె ఒక గొలుసు అని లెక్క వెట్టుకున్న. విరిగిన బురుజు మొదటి రాయి. అక్కడి నుంచి సముద్రం ఒడ్డున ఉత్తరం పట్టిన. గ్రాఫు పుస్తకంల గీత పెరుగుతాంది. మల్ల బురుజు కాడికి వచ్చి గీత కలిస్తెనే కొలత పూర్తైనట్టు.

మెహరాజ్ నవ్వింది. "అందరు ఈ ఆటల కత్తులు దొంగతనం చేస్తరు. నువ్వు పట్టా చేస్తున్నవు."

తొమ్మిదిముప్పావు. పొద్దంత కూసుంటె ఎవ్వని కాలైనా జర వాస్తది.

జూలై 2

ఆ రాజ్యంల వాన పడ్డది. ఇక్కడ చినుకు లేదు, నార్కట్‌పల్లి దుమ్ము అట్లనే ఉన్నది. నేను మాత్రం అక్కడ మూడు గంటలు తడిసిన. ఇంటికొచ్చి తువ్వాలతోని తల తుడుసుకుంటుంటె నర్సింగమ్మ అడిగింది, "ఎందుకు తుడుస్తున్నవు?"

"చెమట."

ఇంకో వింత. అక్కడి ఊర్ల జనం ఎన్నిమాట్లు పలకరిచ్చినా ఒక్కటే మాట చెప్తరు. కమ్మరి ఒక మాట, పూటకూళ్ల ఆమె ఒక మాట. మెహరాజ్ ఇది ఆట లోపం అంటది. లోపమేంది? నేను తిరిగిన ఊర్లల్ల పట్వారీలంత గట్లనే ఉండిరి.

జూలై 8

ఖాసింను కొండచరియ మీదికెల్లి పడగొట్టిన. చచ్చిండు. తెరంత నల్లగైంది. "బిడ్డా!" అని ఒర్లిన. మెహరాజ్ వచ్చి రెండు మీటలు కొట్టింది, ఖాసిం మల్ల చరియ మీద నిలవడ్డడు, ఏం కానట్టు.

"గిదెట్ల?"

"ముందే దాచిపెట్టిన కాకా. ఆగిన కాడి నుంచి మల్ల నడవొచ్చు."

శానసేపు ఆ మనిషినే చూసుకుంట కూసున్న. రెండు కాళ్ల మీద ఎంత సక్కగ నిలవడ్డడు.

పది. అరంగుళమే పెరిగింది. మబ్బు పట్టిన దినాలు అట్లనే ఉంటది.

జూలై 18

ఇయ్యాల నడవలే. ఆటలనే ఆగిన. తూర్పు దిక్కు ఒక గుట్ట వచ్చింది, నెత్తి సాఫుగ, నడుమ పగులు. చూడంగనే మీట ఇడిచిపెట్టిన. గట్లాంటి గుట్టనే అచ్చంపేట అవతల, నల్లమల మొదట్ల.

అది రాయాలె. ఎన్నడు రాయలే.

పందొమ్మిదొందల అరవై నాలుగు. అడవి పొలిమేర కొలుస్తున్నం, ఇరవై దినాలైంది. ఇంకో రెండు ఫర్లాంగులు గుట్టెనుక నుంచి తిరిగొస్తె గీత కలుస్తది. అప్పుడు ఖాసిం అరికాలుల ముల్లు ఇరిగింది. కాలు గుమ్మడికాయోలె వాసింది. వాడు "నడుస్త" అనే అన్నడు. నేనే అన్న, "ఎందుకురా, ఇక్కడనే కూసొని రాద్దాం, గుట్టెనుక ఎవ్వడు చూడొచ్చిండు?" ఒక చెట్టు నీడకు కూసొని ఆ రెండు ఫర్లాంగుల అంకెలు అల్లినం. నేనే అల్లిన. వాడు పండుకున్నడు.

కాగితం కింద లెక్క కలిపితె గీత అచ్చంగ మొదటి రాయి మీదనే వచ్చి కూసున్నది. సున్నా తేడా! నాకెంత గర్వమో. మా సర్వేయరు సాబు బుక్కు చూసిండు, నా మొఖాన కొట్టిండు. "బేవకూఫ్! నిజంగ నడిచినోనికి ఎంతో కొంత తేడా వస్తది. రాళ్లు, ముండ్లు, ఎండ, గొలుసు సాగుతది, మనిషి అలుస్తడు. సున్నా వచ్చిందంటె కూసొని రాసినవు."

ఆ తప్పు ఎవ్వలు చేయరు, మా అసోంటోల్లే చేస్తరు. అబద్ధం గూడ కరెక్టుగ చెప్పాల్నని చూసుడు.

కొలువు పోలే. కాకపోతె ఆ రెండు ఫర్లాంగులు కొలవనీకె వేరే జోడిని తోలిండ్రు. మమ్ముల తిరుమలగిరి దిక్కు పంపిండ్రు. ఆ గుట్టెనుక ఏముందో నేను చూడలే. వాగున్నదో, గుడిసెలున్నయో, బండలో. ముప్పై మూడేండ్లాయె, అప్పుడప్పుడు అన్నం కలుపుకుంట గూడ అదే యాదికొస్తది. ఖాసిం పోయేముందు అడిగిండు: "ఏముంటదిరా గాలిగా అక్కడ?" వానికి గూడ ఉండె ఆ కొరత.

ఇప్పుడీ తెర మీద ఏ గుట్టెనుకకైనా పోవొచ్చు. ఎవ్వడు తోలడు, ఎవ్వడు ఆపడు. నా వయసోల్లు గుడికి పోతరు, నేనిక్కడికి పోతున్న. ఎవ్వని పిచ్చి వానిది.

పది.

జూలై 21

పది.

జూలై 25

పది. టేపు దొరకలే, అయినా పదే.

జూలై 29

తోడేళ్లు తరిమినయి. ఉరికిన. అరవై ఆరేండ్ల ఒంటితోని ఉరికిన! మెహరాజ్ టైపు నేర్పుకుంట ఎనుక నుంచి "కుడికి కాకా, కుడికి!" అని ఒర్లుడు, టైపు పోరీలు వేళ్లు ఆపి చూసుడు. పాత బండ మీదికి ఎక్కిచ్చి ఖాసింను కాపాడిన.

ఇంటికి నడిచి వస్తుంటె చెప్పుల తడి తగిలింది. నీళ్లల్ల కాలు వెట్టినట్టున్న. ఎక్కడ నీళ్లు?

పది.

ఆగస్టు 4

పొలిమేర ముప్పావు వంతు అయింది. ఇంకొక్క గుట్ట. అది తిరిగితె బురుజు కనవడాలె, గీత కలవాలె. గీత కలిసినంక నల్లగొండ పోత. అట్లనే అనుకున్న. ఒక పని నడుమ ఇంకో పని వెట్టుకోవద్దు.

నర్సింగమ్మ ఊదుబత్తులు ఎక్కువ ముట్టిస్తాంది. ఎందుకంటె దోమలంటది.

పది.

ఆగస్టు 8

పది. పది. రేపటిది గూడ రాసిపెట్టిన.

ఆగస్టు 12, మంగళవారం

ఇయ్యాల ఆఖరి గుట్ట మొదట్లకు వచ్చిన. ఖాసింను నిలవెట్టి, కాగితం మీద మూల గీస్తున్న. మెహరాజ్ వచ్చి "చూద్దాం, నీ సముద్రం ఎట్లొచ్చింది" అని గ్రాఫు పుస్తకం గుంజుకున్నది. ఎనుక పేజీ తెరుసుకున్నది.

"ఇదేంది కాకా? పది, పది, పది, పది."

"కాలు."

"నెల దినాల సంది పదేనా?"

"మంచిగున్నది గద, అందుకే."

పుస్తకం మూసి నా ఎదురుంగ స్టూలు ఏసుకొని కూసున్నది. కండ్లు అచ్చం ఖాసింయే.

"పొద్దున్నుంచి బెంచీ మీద కూసున్నోని కాలు వాస్తది. పండుకొని లేస్తె దిగుతది. పావంగుళమన్న తేడా రాదా? అచ్చంపేట ముచ్చట మా అబ్బా నాకు పదిమాట్లు చెప్పిండు కాకా. మీ సాబు బుక్కు ఎందుకు మొఖాన కొట్టిండో నాకు తెలుసు."

"అది వేరే, ఇది వేరే."

"కాలు చూపియ్యి."

"ఆడిపిల్లవు, నా కాలు నీకెందుకు?"

"ఈ గదిల వాసన నాకు పది దినాల సంది వస్తాంది. ఎలుక సచ్చిందని బీరువాలు జరిపిన."

నాకు సిగ్గైంది, సిగ్గైతె నాకు కోపమొస్తది. "ఒక్క గుట్ట, బిడ్డా. ఇయ్యాలనో రేపో. గీత కలవంగనే పోత" అన్న.

తను లేచి మీటలు కొట్టి ఖాసింను దాచిపెట్టింది. తెర నల్లగైంది.

"నేను వెనక కొస పట్టినోని బిడ్డను. సహీ అంటలేను. కదలకు."

ఆగస్టు 13

ఇన్‌స్టిట్యూట్‌కు పోలే. ఆ పిల్లకు శాన గర్వం. తండ్రికి గిట్ల లేకుండె.

నాకేం, ఇంకో జాగల కంప్యూటరు దొరకదా? నల్లగొండల ఉంటయట. నల్లగొండ పోతె...

ఆగస్టు 14

పొద్దుగాల నర్సింగమ్మ నీళ్లకు పోయినంక తలుపు దగ్గరికేసి టేపు తీసిన. చుట్టిన. చేయి తప్పిందేమో అని మల్ల చుట్టిన.

పన్నెండుంబావు.

అంకె రాసిన. ఏ వంకర లేని, సాఫైన, నిజమైన అంకె. బొటనవేలు రంగు రాయ.

నర్సింగమ్మ బిందె దించంగనే చెప్పిన, "అది చెప్పు కరిచింది కాదే."

"తెలుసు. నెల సంది నీ పక్కబట్టలు ఎవ్వలు ఉతుకుతుండ్రనుకున్నవు?"

"మరి అడుగవేంది?"

"అడిగితె అబద్ధం చెప్తవు. చెప్పినంక నేను నమ్మాల్నాయె." కొంగుతోని మొఖం తుడుసుకున్నది. "పదా. సంచి సదిరి వారమాయె."

ఆగస్టు 16

దవాఖాన. కిటికీ పక్క మంచం. కిటికీల నుంచి నల్లగొండ గుట్టలు కనవడ్తున్నయి. అటు తిరిగి పండుకుంటలేను.

ఆగస్టు 19

డాక్టరమ్మ పెన్నుతోని నా కాలు మీద గీత గీసింది. మోకాలు కింద ఆరంగుళాలకు. హద్దు. ఎన్ని వేల గీతలు గీపిచ్చిన, నా మీద ఒకరు గీసుడు ఇదే మొదలు.

"జూలైల వస్తె ఏమైతుండె అమ్మా?" అన్న.

ఆమె కాగితంల చూసుకుంట, "వేలుతోని పోతుండె" అన్నది.

సంతకం పెట్టిన. మెహరాజ్ బస్సు దిగి వచ్చి నర్సింగమ్మ పక్కన కూసున్నది. తన కాడనే ఉండిపోయిన గ్రాఫు పుస్తకం తెచ్చిందా అని అడుగుదామనుకున్న, అడగలే.

ఆగస్టు 21

పోయింది.

ఆగస్టు 30

లేని వేలు దురద పెడ్తాంది. సర్వే నంబరు కొట్టేసినా పహాణి రికార్డుల పాత పట్టాదారు పేరు పోనట్టు. నర్సింగమ్మకు చెప్తె దుప్పటి మీద, వేలుండే జాగల, గోకింది. ఆగింది. దీనికి ఏ డాక్టరు జవాబు చెప్పడు.

సెప్టెంబరు 11

కల రాలే, నిద్ర రాలే. ఒకటే ఆలోచన. ఖాసిం ఆ గుట్ట మొదట్లనే నిలవడి ఉన్నడు. నెల దినాలు. వాన పడ్తుండొచ్చు.

నాకు బుద్ధి రాలేదని ఇక్కడ రాసుకుంటున్న. బుద్ధొచ్చిందని బయటికి చెప్తున్న.

అక్టోబరు 6, సోమవారం

చంక కర్రలతోని మొదటిమాటు గడప దాటిన. నర్సింగమ్మ "ఎక్కడికి" అని అడగలే, చెప్పులు ఏసుకొని ఎనుక వచ్చింది. నావి రెండు తెచ్చి ముందటేసి, ఒకటి మల్ల లోపల పెట్టింది.

మెహరాజ్ మమ్ముల చూసి టైపు పోరీలను ఇంటికి తోలింది. కంప్యూటరు పెట్టింది. ఖాసిం ఉన్న కాడనే ఉన్నడు.

నర్సింగమ్మ తెర ముందు నిలవడి చేతులు నడుముకు పెట్టుకున్నది. "దీనికోసమేనా కాలు వోగొట్టుకున్నవు?"

తల వంచుకున్న.

ఆమె అట్లనే చూస్తాంది. పచ్చ గడ్డి, పొగమంచు, గుట్ట.

"ఆ గుట్టెనుక ఏముంది?" అన్నది.

మెహరాజ్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది. నేను కుర్సీ జరిపి నర్సింగమ్మను పక్కకు కూసోపెట్టుకున్న. "నేను మీట నొక్కుత కాకా, నువ్వు గడియారం చూడు" అన్నది మెహరాజ్. వద్దన్న. ముందు కొస నాది. "నువ్వు వెనక పట్టు."

ప్రతి గొలుసుకు ఆగిన. ప్రతి గొలుసుకు ఆ పిల్ల సహీ అన్నది, అప్పుడు కదిలిన. పన్నెండు గొలుసులకు గుట్ట తిరిగినం.

ఎనుక ఏమున్నదంటె గడ్డి. చిన్న వాగు. ఎవ్వలిదో ఒక గొర్రె. దాని అవతల ఇంకో గుట్ట.

"గంతేనా?" అన్నది నర్సింగమ్మ.

"గంతే."

"మంచిగున్నది" అన్నది.

నాకు ఏడుపొచ్చింది, గొర్రెను చూసి అని చెప్పిన. ఖాసిం అడిగిన దానికి జవాబు దొరికినట్టైంది: గడ్డిరా. వాగురా. ఇంకో గుట్టరా.

ఇంకో తొమ్మిది గొలుసులకు విరిగిన బురుజు అగుపడ్డది. గ్రాఫు పుస్తకం తెరిచి గీత కలిపిన. కాగితం మీద నా గీత సముద్రంల పోయి ఆగింది. బురుజు ఇవతల ఉన్నది. నడుమ మూడున్నర గొలుసులు.

"జర పెన్సిలుతోని అటు జరుపుదామా కాకా?" అన్నది మెహరాజ్. "ఎవ్వలు చూడొస్తరు?"

"నోర్మూయ్" అన్న. ఆ పిల్ల నవ్వింది.

ఎనుక పేజీకి తిప్పిన. ఆ పదులన్నిటి కింద టేపు తీసి, కొలిచి రాసిన: ఎడమ కాలు, మోకాలు కిందికెల్లి, ఆరంబావు. డాక్టరమ్మ ఆరన్నది. పావంగుళం తేడా.

ముందు పేజీల రాసిన: మొత్తం పొలిమేర నూటా తొంబై ఆరు గొలుసులు. తేడా మూడున్నర.

పుస్తకం మెహరాజ్ చేతికిచ్చిన. రెండు పేజీలు చూసింది, ఒక దాని తర్వాత ఒకటి, తొందరలేకుండ.

"సహీ" అన్నది.

కర్రలు తీసుకొని లేచిన.